మిలిటరోడు

ఈ మధ్య ఒక ఆగస్టు 15కి వారం ముందు మా హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "మాస్టారూ, ఈసారి జెండా పండక్కి మాజీ సైనికుల్ని సన్మానిద్దాం అనుకుంటున్నాం. మీ నాన్నగారు మిలిటరీలో చేశారు కదా, తీసుకురండి. శాలువా కప్పి, దేశానికి చేసిన సేవకి కృతజ్ఞతలు చెబుదాం" అన్నారు. ఆయన మంచి మనిషే. మనసులో ఏదో పెట్టుకొని అన్న మాట కాదు. కానీ నేను "మీ నాన్నగారు" అన్న దగ్గరే ఆగిపోయాను. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో మా నాన్న పేరు పక్కన "గారు" పెట్టిన మనిషిని నేను చూళ్ళేదు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. ఊళ్ళో ఆయన పేరు మిలిటరోడు.

మా ఊరికి పట్టాళంలో చేసొచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన ఊళ్ళో ఆయన. ఎక్కడో స్టోర్సులో గుమాస్తాగా చేసి వచ్చాడు. ఆయన "మిలిటరీ గారు". రెండో మనిషి మాలపల్లె నుంచి వెళ్ళి, పదిహేడేళ్ళు తుపాకి మోసి, నాయక్‌గా రిటైరై వచ్చిన మా నాన్న. ఈయన "మిలిటరోడు". వేసుకున్న బట్టలు ఒకటే, పెన్షన్ ఇచ్చే సర్కారు ఒకటే. ఆ గారుకీ ఈ ఓడుకీ మధ్య మాత్రం ఊరికీ పల్లెకీ మధ్య ఉన్న డొంకంత దూరం ఉంది.

సాయంత్రం ఇంటికెళ్ళి సంగతి చెప్పాను. మా నాన్న అరుగు మీద కూచొని గోంగూర తుంచుతున్నాడు. తలెత్తకుండానే "దేనికంట?" అన్నాడు.

"దేశానికి సేవ చేసినందుకంట."

"ఏ దేశానికి?" అని మళ్ళీ గోంగూరలో పడ్డాడు.

నేను సోషల్ మాస్టర్ని. మా వంశంలో డిగ్రీ గుమ్మం తొక్కిన మొదటివాణ్ణి. పిల్లలకి ప్లాసీ యుద్ధం చెబుతాను, 1857 చెబుతాను, రెండో ప్రపంచ యుద్ధం చెబుతాను. ఆ యుద్ధాల్లో మావాళ్ళున్నారని పాఠంలో లేదు. అందుకని నేనూ చాలా ఏళ్ళు చెప్పలేదు. మా నాన్న వేసిన ప్రశ్నకి జవాబు నా దగ్గరున్న పాఠ్యపుస్తకంలో దొరకలేదు. మా ఇంట్లోనే వెతుక్కోవాల్సొచ్చింది.

ముందు మా తాత సంగతి. నేను ఆయన్ని చూళ్ళేదు. నాయనమ్మ చెప్పిందే. రెండో యుద్ధం జరిగేటప్పుడు పట్టాళంలో చేరాడు. దేశభక్తితోనూ కాదు, రాజభక్తితోనూ కాదు. పాలేరుతనం తప్పించుకోటానికి చేరాడు. "రోజూ అన్నం పెడతారంట, కాళ్ళకి బూట్లిస్తారంట" అని ఎవరో చెబితే రాత్రికి రాత్రి నడిచి గుంటూరు పోయాడు. ఆ యుద్ధంలో ఇండియా నుంచి చేరినవాళ్ళు సుమారు 25 లక్షల మంది. ఎవర్నీ బలవంతంగా పట్టుకుపోలేదు, అందరూ ఇష్టపడి చేరినవాళ్ళే అని పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. ఆకలి పట్టుకుపోతే దాన్ని బలవంతం అనరు కాబోలు. 1943లో బెంగాల్లో లక్షల మంది అన్నం లేక రోడ్ల మీద చచ్చిపోయారు. అప్పుడు కూడా పట్టాళంలో అన్నం ఉంది.

మా తాతని బర్మా వైపు పంపారు. రోడ్లేసే పని, వంతెనలు కట్టే పని. 1946లో తిరిగొచ్చాడు. ఒక ఓవర్‌కోటు, ఒక జత బూట్లు, ఆరు మొనల కంచు నక్షత్రం ఒకటి తెచ్చాడు. బర్మా స్టార్ అంటారు దాన్ని. నీలం, ఎరుపు, నారింజ చారల రిబ్బను ఉంటుంది. రైలు దిగి ఆ బూట్లతోనే ఊళ్ళోకి నడిచాడంట. రావిచెట్టు కింద కూచున్న ఆసామి, మా తాత పాలేరుగా చేసి వదిలేసి పోయిన ఆసామే, "ఏరా, బూట్లేసుకునే పోతన్నావే" అన్నాడంట. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. మా తాత అక్కడే వంగి లేసులు విప్పి, బూట్లు చేత పట్టుకొని పల్లె దాకా నడిచాడు. ఈ కథ చెప్పేటప్పుడు నాయనమ్మ లేసుల దగ్గర ఆగేది. "ఆ లేసులు ఊడదీయటానికి ఎంతసేపు పట్టిద్దో తెలుసా అయ్యా? చెప్పులైతే ఒక్క విదిలింపు. బూట్లకి వంగాల" అనేది.

జపాను వాడి ముందు వంగని మనిషి రావిచెట్టు ముందు వంగాడు. రాజుగారి నక్షత్రం ఆయన జేబులోనే ఉంది. ఆ తర్వాత రిబ్బను మా మేనత్త జడకి కట్టుకుంది. నక్షత్రం బియ్యం డబ్బాలో పడుండేదంట. 1977 నవంబరు తుఫానులో ఇంటి గోడలతోపాటు అదీ పోయింది.

అమెరికాలో ఉన్న మా కొలీగు తమ్ముడు ఒకసారి సెలవుల్లో వచ్చి, అక్కడ విమానాశ్రయాల్లో, దుకాణాల్లో సైనికుడు కనిపిస్తే ముక్కూ మొహం తెలీనివాళ్ళు కూడా "మీ సేవకి థ్యాంక్స్" అంటారని, మనవాళ్ళకి ఆ సంస్కారం లేదని స్టాఫ్‌రూంలో ఒక అరగంట చెప్పాడు. వింటూ కూచున్నాను. మా తాత లేసులు విప్పిన ఆ 1946లోనే, ఫిబ్రవరి 12న, ఐజక్ వుడార్డ్ అనే నల్లజాతి సార్జెంటు యుద్ధం నుంచి విడుదలై, ఆరోజే, యూనిఫారం ఒంటి మీద ఉండగానే బస్సులో ఇంటికి పోతున్నాడు. సౌత్ కరోలినాలో పోలీసులు బస్సులోంచి దించి కొట్టారు. రెండు కళ్ళూ పోయాయి. కొట్టిన పోలీసు అధికారిని ఆ ఏడాది నవంబరులో తెల్ల జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. ఆ దేశంలో తెల్ల సైనికులూ నల్ల సైనికులూ వేరు వేరు దళాల్లో ఉండే పద్ధతి తీసెయ్యమని ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948 జులైలో. ఇవన్నీ ఆయనకి చెప్పాలనిపించింది. టీ చల్లారిపోతోందని ఊరుకున్నాను.

మావాళ్ళు యుద్ధాలకి పోవటం మా తాతతో మొదలైంది కాదు. 1757లో ప్లాసీకి క్లైవు వెంట వెళ్ళిన సిపాయిల్లో మద్రాసు తీరం నుంచి పోయినవాళ్ళున్నారు. బెంగాలువాళ్ళు వాళ్ళని తిలంగాలు అన్నారు. తెలుగు దేశం వాళ్ళు అని. ఆ మాట ఎంత అతుక్కుపోయిందంటే, తర్వాత ఉత్తరాదిన ఏ సిపాయినైనా తిలంగా అనేవాళ్ళు. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ అవధ్ బ్రాహ్మణ సిపాయిల్నీ, రాజపుత్ర సిపాయిల్నీ కూడా అక్కడి జనం తిలంగాలనే పిలిచారు. మన పేరు వాళ్ళకి పోయింది, పేరు తెచ్చినవాళ్ళు మాత్రం ఎక్కడా కనపడరు. కంపెనీ కాలంలో మద్రాసు సైన్యం కులం అంతగా చూడలేదు. పరయలూ, మాలలూ, క్రైస్తవంలోకి పోయినవాళ్ళూ అందులో చేరారు. పనికొచ్చినంతకాలం పనికొచ్చారు. తర్వాత లార్డ్ రాబర్ట్స్ వచ్చాడు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి, ఆపైన 1893 దాకా మొత్తం ఇండియా సైన్యానికి సేనాధిపతి. దక్షిణాదివాళ్ళలో యుద్ధం చేసే సత్తా చచ్చిపోయిందన్నాడు. యోధ జాతులు కొన్ని పుట్టుకతోనే ఉంటాయన్నాడు. పుట్టుకతో యోధుడు, పుట్టుకతో అంటరానివాడు. ఈ లెక్క తెల్లదొరకి ఎవరూ నేర్పాల్సిన పని లేకపోయింది.

మా నాన్న 1978లో చేరాడు. తుఫాను తర్వాతి ఏడు. కారణం మళ్ళీ అన్నమే. రాసినచోట ఏ రెజిమెంటు అని ఆయన అడగలేదు. కాయితంలో మహార్ రెజిమెంటు అని పడింది. మధ్యప్రదేశ్‌లో సాగర్ అనే ఊరికి రైలెక్కించారు. మహార్ అంటే ఏంటో అప్పటికి తెలీదు. అక్కడ ఒక ముసలి మరాఠీ హవల్దారు తన ట్రంకుపెట్టె మూత లోపల అంటించుకున్న అంబేద్కర్ బొమ్మ చూపించి, "నువ్వెవరు?" అని అడిగాడంట. మా నాన్న చెప్పటానికి జంకాడు. హవల్దారు నవ్వి, "మీ ఊళ్ళో నువ్వు ఏదైతే, మా ఊళ్ళో నేనూ అదే. ఈ రెజిమెంటు పేరే అది" అన్నాడంట. దాచుకోవాల్సిన కులం పేరు భుజం మీద ఇత్తడి అక్షరాల్లో మెరుస్తుంటే మొదటి నెల రోజులు అద్దంలో అదే చూసుకున్నానని మా నాన్న చెప్పేవాడు.

కోరేగావ్ కథ ఆయన విన్నది ఆ హవల్దారు నోటే. నేను చదివింది తర్వాత. 1818 జనవరి 1న, పూనా దగ్గర భీమా నది ఒడ్డున కోరేగావ్‌లో, కెప్టెన్ స్టాంటన్ కింద సుమారు 800 మంది కంపెనీ సైనికులు పీష్వా బాజీరావు సైన్యాన్ని పగలంతా నిలబెట్టారు. బొంబాయి పదాతి దళంలో మహార్లు చాలామంది. వాళ్ళ దగ్గరున్న 2 ఫిరంగులు మద్రాసు ఫిరంగి దళానివి. అవతల పీష్వా సైన్యం వేలల్లో ఉంది. అక్కడ కంపెనీవాళ్ళు తర్వాత ఒక రాతి స్తంభం లేపారు. దాని మీద చెక్కిన 49 పేర్లలో 22 మహార్లవి. పేరు చివర నాక్ అని ఉంటే మహార్. రాతి మీద చెక్కిన థ్యాంక్స్ అది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 1890ల మొదట్లో మహార్లని సైన్యంలోకి తీసుకోటం ఆపేశారు. గోపాల్ బాబా వలంగ్కర్ అనే రిటైరైన హవల్దారు 1894లో అర్జీ రాశాడు. మా తాతలు మీకోసం చచ్చారు, మమ్మల్ని ఎందుకు వద్దంటున్నారు అని. శివరాం జాన్బా కాంబ్లే 1910లో మళ్ళీ రాశాడు. జవాబు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలకపోతే 1917లో 111వ మహార్ దళం పెట్టారు. యుద్ధం అయిపోయింది, 1921లో తీసేశారు. రెండో యుద్ధం వచ్చింది, అంబేద్కర్ పట్టుబట్టాడు, 1941 అక్టోబరులో మహార్ రెజిమెంటు మళ్ళీ మొదలైంది. 1943లో చమార్ రెజిమెంటు పెట్టారు. వాళ్ళు కోహిమా దాకా పోయి పోరాడారు. 1946లో దాన్నీ ఎత్తేశారు. నాట్లప్పుడు పిలిచి, కుప్ప నూర్చాక పొమ్మన్నట్టే. మా పల్లెలో ఏ ఆడమనిషికైనా ఈ పద్ధతి పుస్తకం చదవకుండానే తెలుసు.

అంబేద్కర్ తండ్రి రాంజీ సుబేదారు. సైన్యం బడిలో 14 ఏళ్ళు హెడ్మాస్టరుగా చేశాడు. మాస్టర్ని కాబట్టి ఈ సంగతి నేను పిల్లలకి తప్పకుండా చెబుతాను. సిపాయిల పిల్లలకి, ఆడపిల్లలకి కూడా చదువు తప్పనిసరి అన్న కంపెనీ సైన్యం నియమం లేకపోతే ఆ ఇంట్లోకి అక్షరం అంత త్వరగా వచ్చేది కాదు. అదే సుబేదారు కొడుకు 1901లో మంచి బట్టలేసుకొని, అన్నతోనూ మేనల్లుడితోనూ గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి రైల్లో బయల్దేరాడు. స్టేషన్లో కులం తెలిసేసరికి ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి తీసుకొని, పిల్లలే బండి తోలుకోవాలి, నేను పక్కన నడుస్తాను అన్నాడొకడు. రాత్రంతా తాగటానికి నీళ్ళు దొరకలేదు. ఈ సంగతి అంబేద్కరే రాసుకున్నాడు. నాన్న సుబేదారైతే కొడుక్కి బండి దొరకదు, నాన్న నాయక్ అయితే కొడుక్కి... నా సంగతి ఇక్కడ వద్దులెండి.

1927 జనవరి 1న ఆయన కోరేగావ్ స్తంభం దగ్గరికి పోయి నిలబడ్డాడు. అప్పట్నించి ఏటా అక్కడికి జనం పోతున్నారు. ఇంగ్లీషువాడు తన గొప్పకోసం కట్టుకున్న రాయి, పోయినవాళ్ళ పేర్ల కోసం మనవాళ్ళదైంది. రెండొందల ఏళ్ళు నిండిన 2018 జనవరి 1న అలా వెళ్ళినవాళ్ళ మీద రాళ్ళు పడ్డాయి. మనకి మనం దండం పెట్టుకుంటే కూడా చూళ్ళేరు.

ఇక శ్రీలంక. మా నాన్న "ఏ దేశానికి" అన్నది ఊరికే అన్న మాట కాదని నాకు తెలుసు. 1987 జులై 29న ఒప్పందం జరిగింది. శాంతి దళం అని పేరు పెట్టి పంపారు. అక్టోబరు నాటికి అదే దళం ఎల్టీటీఈతో యుద్ధంలో ఉంది. మహార్ రెజిమెంటు 8వ బెటాలియను మేజర్ రామస్వామి పరమేశ్వరన్ నవంబరు 25న చనిపోయాడు. ఆయనకి పరమవీర చక్ర ఇచ్చారు. మొత్తం మీద సుమారు 1,200 మంది మనవాళ్ళు అక్కడే పోయారు. నేను అప్పుడు ఒళ్ళో పిల్లాణ్ణి. మా అమ్మ పోస్ట్‌మేన్ వస్తే లోపలికెళ్ళి తలుపేసుకునేదంట, ఏం కాయితం తెచ్చాడోనని.

అక్కడి సంగతులు మా నాన్న చెప్పడు. నాకు తెలిసి ఒక్కసారే చెప్పాడు, ఒక క్రిస్మస్ రాత్రి. జాఫ్నా దగ్గర ఒక పల్లెలో ఇళ్ళు వెతుకుతున్నారు. ఒక ఇంట్లో ముసలామె ఒక్కతే ఉంది. మూల వడ్ల బస్తా ఉంది. అందులో ఏమన్నా దాచారేమోనని బాయినెట్‌తో పొడిచారు. ఏమీ లేదు. వడ్లు ధారగా కారిపోతుంటే ఆమె ఏడవలేదు, తిట్టలేదు. వచ్చి కింద కూచొని కొంగు పట్టింది. "మీ నాయనమ్మ పరిగె ఏరుకునేటప్పుడు అచ్చం అట్టాగే పట్టేదిరా" అన్నాడు. పొడిచిన బాయినెట్ ఎవరిదో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

1990 మార్చి ఆఖర్లో చివరి దళాలు ఓడల్లో మద్రాసు రేవుకి వచ్చాయి. స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. తమిళుల్ని చంపొచ్చిన సైన్యానికి స్వాగతం చెప్పలేనన్నాడు. పేపర్లలో పెద్ద గొడవ. చాలామంది సైనికులు ఆ అవమానం ఇప్పటికీ మర్చిపోలేదు. వాళ్ళ బాధ న్యాయమైందే. పంపింది ప్రభుత్వం, పోయింది వాళ్ళ స్నేహితులు. అక్కడ పోయినవాళ్ళ పేర్లతో కొలంబో దగ్గర శ్రీలంక రాయి నిలబెట్టింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచింది ఆ తర్వాత ఎప్పటికో, 2019 ఫిబ్రవరిలో. మా నాన్న మాత్రం కరుణానిధిని ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. "దండలేసినోళ్ళు అక్కడేం జరిగిందో అడగలా. ఆయన రాకపోయినా, ఏదో జరిగిందని తెలిసే రాలా" అన్నాడొకసారి. నాకు ఈ మాట చాలాకాలం మింగుడు పడలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేను. కానీ అన్నది అక్కడ ఉండొచ్చినవాడు.

మరుసటేడు, 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. మా జిల్లాలోనే. 8 మందిని నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. మా నాన్న అప్పుడు జమ్మూ వైపు సరిహద్దు కాపలాలో ఉన్నాడు. మా బాబాయి రాసిన ఉత్తరం పన్నెండు రోజులకి చేరింది. సెలవు పెట్టి వచ్చి, ఇంటికి రాకుండా ముందు తెనాలి శిబిరానికి పోయాడు. పారిపోయొచ్చిన ఆడవాళ్ళూ పిల్లలూ అక్కడున్నారు. యూనిఫారంలోనే పోయాడు. ఆ ఖాకీ పచ్చ చూసి పోలీసనుకొని ఒక పిల్ల తల్లి వెనక దాక్కుందంట. "కాదమ్మా, మిలిటరీ, మనోణ్ణే" అని చెప్పినా రాలేదంట. ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలేసింది. హైకోర్టు 2014 ఏప్రిల్ 22న అందర్నీ వదిలేసింది. ఆ రోజు టీవీ కట్టేసి మా నాన్న తన డిశ్చార్జి బుక్ తీసి చాలాసేపు పేజీలు తిప్పాడు. అందులో ప్రవర్తన అన్నచోట చాలా మంచిది అని రాసుంది.

రిటైరై వచ్చాక దొరికిన థ్యాంక్సుల లెక్క కూడా చెప్పాలి. 1999లో కార్గిల్ యుద్ధం జరిగేటప్పుడు ఊళ్ళో సభ పెట్టి, మొట్టమొదటిసారి పల్లె మనిషికి, అంటే మా నాన్నకి, స్టేజీ మీద కుర్చీ వేశారు. దండ వేశారు. జై జవాన్ అన్నారు. నాకు పన్నెండేళ్ళు. ఛాతీ పొంగిపోయింది. నాలుగో రోజు అదే దండ వేసిన ఆసామి కొడుకు చెరువు గట్టు మీద "ఏరా మిలిటరోడా, ఈ నెల క్యాంటీన్ సరుకు తెచ్చావా" అన్నాడు. క్యాంటీన్ సరుకంటే రమ్ము. మాజీ సైనికుడి మీద ఊరికి ఉండే ప్రేమలో సగం ఆ సీసా మీద ప్రేమే. దేశసేవకి కృతజ్ఞత నెలకి ఇన్ని సీసాలని లెక్క కట్టి తీసుకున్నారు. సీసాకి అంటు లేదు.

డిసెంబరు 7 సాయుధ దళాల జెండా దినం. 1949 నుంచి ఉంది. బళ్ళో పిల్లల దగ్గర చిల్లర వసూలు చేసి, చొక్కాకి చిన్న కాయితం జెండా గుచ్చుతారు. చిన్నప్పుడు నేనూ రూపాయి కట్టి, జెండా గుచ్చుకొని ఇంటికొచ్చాను. "ఎవరికంట్రా ఈ రూపాయి?" అన్నాడు మా నాన్న. "రిటైరైన సైనికులకంట" అన్నాను. నవ్వి నవ్వి ఆయనకి కళ్ళనీళ్ళొచ్చాయి. రూపాయి ఇచ్చింది ఆయనే మరి. ఇప్పుడు నేను మాస్టర్నై ఆ జెండాలు నేనే గుచ్చుతున్నాను.

పెన్షన్ చాలక ఏడేళ్ళు తెనాలిలో ఒక బ్యాంకు దగ్గర తుపాకి పట్టుకొని నిలబడ్డాడు. నా డిగ్రీ, బీఎడ్డు ఆ నిలబడ్డ కాళ్ళ మీదే అయ్యాయి. సైన్యం మాకేమీ ఇవ్వలేదంటే అబద్ధం అవుతుంది. ఆ పెన్షన్ లేకపోతే నేనూ పాలేరునే. బ్యాంకులో ముసలివాళ్ళకి తలుపు తీసి పట్టుకునేవాడు. వాళ్ళు "థ్యాంక్యూ నాయనా" అనేవాళ్ళు. ఆయన పదిహేడేళ్ళు సైన్యంలో చేశాడని వాళ్ళకి తెలీదు. ఆ థ్యాంక్స్ ఒక్కటే తనకి సూటిగా తగిలేదని చెప్పాడు. "తలుపు తీశా, చూశారు, అన్నారు. అందులో తిరకాసు లేదు."

ఉన్న తిరకాసల్లా భూమిది. మాజీ సైనికులకి ప్రభుత్వం బంజరు ఇచ్చే పద్ధతి ఉంది. మాగాణి అయితే రెండున్నర ఎకరాలు, మెట్ట అయితే ఐదు. మా నాన్నకి కాలవ కట్ట పక్క ఎకరా నలభై సెంట్లకి పట్టా వచ్చింది. పట్టా మా ఇంట్లో ఉంది. భూమి ఇంకొకళ్ళ కింద ఉంది. తరాలుగా మేమే దున్నుతున్నాం అంటారు వాళ్ళు. సర్వేయరు వచ్చినప్పుడల్లా గొలుసు పొట్టిదవుతుంది. ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నాడు. ఆఫీసులో "మీరు దేశానికి సేవ చేశారండీ, మీలాంటివాళ్ళంటే మాకు గౌరవం" అంటారు. కూచోమనరు.

పంద్రాగస్టు ముందురోజు రాత్రి, "రాకపోతే నీ ఉద్యోగానికేమన్నా ఇబ్బందా?" అని అడిగాడు. లేదన్నాను. కాసేపాగి, "పిల్లకాయలుంటారుగా, వస్తాలే" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మెడల్స్ పెట్టుకోమంటే పెట్టుకోలేదు. బూట్లు మాత్రం పాలిష్ చేసుకున్నాడు.

శాలువా కప్పారు. హెడ్మాస్టరు గారు, సర్పంచి గారు, ఇంకెవరో నాయకుడు గారు మాట్లాడారు. మా నాన్న నిటారుగా, చేతులు తొడల పక్కన పెట్టి నిలబడ్డాడు. రెండు ముక్కలు చెప్పమంటే "అందరికీ నమస్కారం" అని దిగబోయాడు. ముందు వరసలో కూచున్న ఆరో తరగతి పిల్లాడొకడు, మా పల్లె పిల్లాడే, లేచి నిలబడి, "తాతా, మీరు యుద్ధానికెళ్ళిన ఊళ్ళో వరి పండుద్దా?" అని అడిగాడు. పిల్లలంతా నవ్వారు. నేను కసరబోయాను. మా నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"పండుద్దిరా" అన్నాడు. మైకు దగ్గరికి మళ్ళీ వచ్చాడు. "మన వరి లాగానే. వాన మీద ఆధారం, కాలవల్లేవు. ఒక ముసలామె ఇంట్లో వడ్ల బస్తా ఉంది..." అని మొదలుపెట్టాడు. నాకొక్కడికే తెలుసనుకున్న కథ మూడొందల మంది పిల్లల ముందు చెప్పాడు. కొంగు దాకా చెప్పాడు. బాయినెట్ ఎవరిదో కూడా చెప్పాడు. నాయకుడు గారు వాచీ చూసుకున్నారు. హెడ్మాస్టరు గారు తల దించుకొని వింటున్నారు. పిల్లలు నవ్వటం మానేశారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇంటికొచ్చాక శాలువా నాలుగు మడతలు పెట్టి, పట్టా కాయితాల సంచీలో పెట్టుకున్నాడు. సోమవారం మళ్ళీ వాయిదా.

"ఇది కప్పుకొని పోతే కుర్చీ వేస్తారేమో చూద్దాం" అన్నాడు.